చీకట్ల మొలిసిన పెసర మొక్క ఏం జెప్పింది?

మా అక్క బిడ్డ మూడో తరగతి చదువుతది. పోయిన వానకాలం ఒకనాడు బడి నుంచి వచ్చి, బ్యాగు మూలకు పడేసి, మూతి ముడుసుకొని కూసున్నది. ఏమైందే అని అడిగితే నోటుబుక్కు తీసి నా ముందర వెట్టింది. "మొక్క పెరుగుటానికి ఏమేం కావాలె?" అన్న ప్రశ్నకు "నీళ్ళు, గాలి, మట్టి" అని మూడే రాసింది. నాలుగోది, సూర్యరశ్మి, రాయలే. దానికి ఎర్ర పెన్నుతోని గీత కొట్టిన్రు.

"మరిచిపోయినవా?" అన్న.

"మరువలే మామా. కావాలనే రాయలే. చీకట్ల ఉన్న మొక్కనే ఎక్కువ పెరిగింది. నేను కండ్లార చూసిన."

ముచ్చట ఏందంటే, బడిల రెండు గిలాసలల్ల పెసర్లు వేసుకొని ఒకటి ఎండకు, ఒకటి చీకట్ల పెట్టి ఏడు రోజులు చూడమన్నరు. ఈమె ఒక గిలాస ముంగట గోడ మీద పెట్టింది. ఇంకొకదాని మీద రేకు డబ్బ బోర్లిచ్చింది. ఏడో రోజు చూస్తె గోడ మీదిది జానెడు సుత లేదు. డబ్బ కిందిది దానికంటె రెట్టింపు పొడుగున్నది. పిల్ల చీపురు పుల్ల పెట్టి కొలిసింది, గీత గీసుకున్నది. కొలతల ఏం తప్పులేదు. బడిలకు పోయి చెప్తే, "అట్ల కాదు, వెలుగు కావాలె అని రాయాలె" అన్నరట.

"మరి నేను చూసింది అబద్ధమా మామా?" అని అడిగింది.

నేను డిగ్రీ చదివిన. మా ఇంట్ల మూడు తరాల సంది ఎవుసమే. అయినా గా పిల్లకు జవాబు చెప్పలేకపోయిన. అది నా మనసుకు పట్టింది. మనందరం "నీరు, గాలి, సూర్యరశ్మి, మట్టి" అని పాఠం ఒప్పజెప్పినోళ్ళమే. గని ఏది ఎందుకు కావాలె, ఎప్పుడు కావాలె అని ఎవలన్న అడిగితే నోరు మూతపడతది. గందుకే ఈ ముచ్చట రాస్తున్న. మీ ఇంట్ల చిన్న పిల్లలు ఉంటరు. తమ్మీ, చెల్లె, అక్క కొడుకు, అన్న బిడ్డ, ఎవలో ఒకలు. వాళ్ళకు చెప్పుటానికి మీరు సారు కావాల్సిన పనిలేదు.

పిల్ల చూసింది నిజమే

ముందుగాల ఆమె ప్రశ్నకు జవాబు. చీకట్ల మొక్క పొడుగు పెరిగిన మాట నిజం. అది ఎందుకంటె, భూమి లోపట పడ్డ ఇత్తనానికి పైన వెలుగు ఎంత దూరంల ఉన్నదో తెల్వదు. మీదికి వచ్చేదాక దానికి ఒక్కటే పని, కాండం సాగదీసుకుంట పైకి పోవుడు. ఆకు ఇప్పుకోదు, పచ్చ రంగు తయారు చేసుకోదు, కాండం గట్టిపడదు. ఉన్న బలమంత పొడుగు పెరుగుటానికే పెడ్తది. డబ్బ కింద పెట్టినం గనుక దానికి ఇంకా మట్టి లోపటనే ఉన్నట్టు అనిపించింది. వెలుగు కోసం ఎతుక్కుంట పోయింది.

మరి గా బలం ఏడికెల్లి వచ్చింది? ఇత్తనంల నుంచి. పెసర గింజను నానబెట్టి పొట్టు తీస్తె రెండు బద్దలు ఉంటయి గదా. మనం పప్పు అని వండుకునేది గవ్వే. అది పుట్టబోయే మొక్కకు తల్లి కట్టిచ్చిన సద్దిమూట. మొలక భూమి మీదికి వచ్చినంక గా రెండు బద్దలు కాండానికి పట్టుకొని ఉంటయి. రోజు రోజుకు ముడుసుకపోయి ఆఖరుకు రాలిపోతయి. అంటే సద్ది అయిపోయిందన్నట్టు. గప్పటిదాక మొక్కకు సొంత సంపాదన లేకున్న నడుస్తది. గా తర్వాత వెలుగుల ఆకు పని చేస్తేనే బువ్వ.

బడిల చేసిన తప్పు ఒక్కటే. ఏడో రోజు ఆపేసిన్రు. సద్ది ఇంక అయిపోకముందే లెక్క తేల్చిన్రు. మేము ఇంట్ల గదే గిలాసను మళ్ళ డబ్బ కింద పెట్టి ఇంకొక వారం చూసినం. రెండో వారం అయిపోయేటాళ్ళకు చీకటి మొక్కలు దారం లెక్క సన్నగ, తెల్లపసుపు రంగుల, ఒకదాని మీద ఒకటి వాలిపోయినయి. గోడ మీద ఉన్నయి పొట్టిగనే ఉన్నయి గని కాండం గట్టిగ, ఆకు పచ్చగ, మూడాకుల కొమ్మ ఏస్తున్నయి. పిల్లకు నేను ఏం చెప్పాల్సిన పని పడలే. "పొడుగు పెరుగుడు, మంచిగ పెరుగుడు ఒక్కటి కాదన్నట్టు మామా" అని ఆమెనే అన్నది.

ఇత్తనానికి కావాల్సింది వేరు, మొక్కకు కావాల్సింది వేరు

మన పాఠాలల్ల పెద్ద గందరగోళం ఈడనే ఉన్నది. ఇత్తనం మొలిసుడు, మొక్క పెరుగుడు, రెండిటినీ కలిపి ఒక్కటే జాబితా చెప్తం. పిల్లలు బువ్వబుట్టల మొలకలు కట్టుడు రోజూ చూస్తరు. అమ్మమ్మ పెసర్లు నానబెట్టి, గుడ్డల మూటకట్టి, మూత పెడ్తది. ఆడ మట్టి లేదు, ఎండ లేదు. అయినా మొలకలు వస్తయి. పుస్తకం ఒకటి చెప్తది, వంటింట్ల ఇంకొకటి అయితది. పిల్ల ఏది నమ్మాలె?

అసలు సంగతి గిది. ఇత్తనం మొలకెత్తుటానికి మూడు కావాలె: నీళ్ళు, గాలి, తగినంత వెచ్చదనం. మన పెసర, కంది, మక్క, వరి, పల్లి, పత్తి గింజలకు మొలిసేటప్పుడు వెలుగుతోని పనిలేదు. కొన్ని రకాల సన్న గింజలకు మాత్రం వెలుగు తగిలితేనే మొలక వస్తది, గని మన చేన్ల గింజలు ఎక్కువశాతం అట్ల కాదు. మట్టి సుత అక్కెర లేదు, తడి గుడ్డ చాలు. నీళ్ళు పీల్చుకొని గింజ ఉబ్బుతది, లోపట నిద్రల ఉన్న పిండం మేల్కొంటది, శ్వాస తీసుకుంటది. శ్వాస అంటున్న గదా, అవును, ఇత్తనం సుత గాలి పీలుస్తది. అది ప్రాణం ఉన్న వస్తువు.

ఇగ మొలక వచ్చి, సద్ది అయిపోయినంక మొక్కకు ఐదు కావాలె: వెలుగు, నీళ్ళు, గాలి, మట్టిల నుంచి వచ్చే లవణాలు, సరిపడ వెచ్చదనం. గివి కాక నిలబడుటానికి, వేరు పారుటానికి జాగ కావాలె. పది పెసర్లు ఒక్క గిలాసల పోస్తె ఒకదాన్ని ఒకటి పెరగనియ్యవు. నారు ఒత్తుగ పోస్తె ఏమైతదో రైతు బిడ్డకు వేరే చెప్పాల్నా?

ఐదు గిలాసల పరీక్ష

గిప్పుడు పని ముచ్చట. ఖర్చు ఏం లేదు. చాయ్ తాగి పారేసిన గిలాసలు ఐదు, గుప్పెడు పెసర్లు, ఇంటి ముంగటి మట్టి. రాత్రి పెసర్లు నానబెట్టి పొద్దుగాల మొదలు వెట్టుండ్రి. గిలాసకు ఐదేసి గింజలు. ఒక్క గింజ వెయ్యొద్దు. ఎందుకంటె గా ఒక్కటి పుచ్చుదైతే పరీక్ష మొత్తం పోతది. ఐదు వేస్తె మూడన్న మొలుస్తయి, నమ్మకం ఉంటది.

మొదటి గిలాస: అన్నీ ఉంటయి. అడుగుకు సన్న బొక్క, తడి మట్టి, వెలుగు. మిగిలిన నాలుగింటిని దీనితోనే పోల్చి చూడాలె.

రెండో గిలాస: అన్నీ ఉంటయి, వెలుగు మాత్రం లేదు. మీద డబ్బ బోర్లియ్యాలె.

మూడో గిలాస: అన్నీ ఉంటయి, నీళ్ళు లేవు. పొడి మట్టి, నానబెట్టని పొడి గింజలు.

నాలుగో గిలాస: బొక్క పొడవొద్దు. గింజలు మునిగి మీద నాలుగేళ్ళ నీళ్ళు నిలవాలె. అంటే గాలి అందకుండ చేసుడు.

ఐదో గిలాస: మట్టి లేదు. తడి దూది లేకపోతే పాత గుడ్డ పేలిక. మిగిలినవన్ని ఉంటయి.

మొదలు వెట్టే ముందు ఒక పని తప్పకుండ చెయ్యాలె. "ఏ గిలాసల ఏమైతది అనుకుంటున్నవ్?" అని పిల్లలను అడగాలె. వాళ్ళు చెప్పింది తప్పయినా సరే, కాయితం మీద రాసిపెట్టాలె. ముందే అనుకున్నోళ్ళకు తర్వాత చూస్తె ఆశ్చర్యం కల్గుతది. ఏం అనుకోకుండ చూసినోళ్ళకు అది ఉత్త గిలాసనే. ఇంకొకటి, ఒక్కో గిలాసల ఒక్కటే మార్చాలె. నీళ్ళు ఆపి, చీకట్ల గూడ పెడ్తే, మొక్క దేనికి సచ్చిందో ఎట్ల తెలుస్తది?

ఏమైతదో నేను చెప్త. మూడో గిలాసల గింజ గింజ లెక్కనే ఉంటది. నాలుగో దాంట్ల గింజలు ఉబ్బుతయి, కొన్ని మూతి తెరుస్తయి, తర్వాత నీళ్ళు మురిగి వాసన వస్తది. పిల్లలకు గిదే పెద్ద వింత. "నీళ్ళు ఎక్కువ పోస్తె ఎక్కువ పెరగాలె గదా?" అంటరు. ఐదో గిలాసల మొదటి వారం మంచి పెరుగుడు ఉంటది. పిల్లలు "మట్టి అక్కెర లేదు" అని తీర్పు చెప్తరు. చెప్పనియ్యుండ్రి. రెండు మూడు వారాలు ఆగితే గా మొక్క ఎదుగుడు ఆగిపోతది, ఆకు పాలిపోతది. సద్ది అయిపోయింది, వట్టి నీళ్ళల్ల లవణాలు అంతంతే. మట్టి ఏం ఇస్తున్నదో గప్పుడు తెలుస్తది.

ఓపిక ఉంటే ఆరో గిలాస సుత పెట్టొచ్చు. పెసర్లను ఉడకబెట్టి, సల్లారినంక, మొదటి గిలాస లెక్కనే అన్నీ ఇచ్చి చూడుండ్రి. మొలవది. నీళ్ళు, గాలి, వెచ్చదనం అన్నీ ఉన్నయి గని లోపట ప్రాణం లేదు. ఇత్తనం అంటే బతికున్న వస్తువు అని ఇంతకంటె సులువుగ చెప్పుడు నాకైతే తెల్వదు.

ఇంకో ముఖ్యమైన మాట. సచ్చిపోయిన గిలాసను పారేసి "నీది పాడైంది" అని పిల్లను చిన్నబుచ్చొద్దు. గీ పరీక్షల సచ్చిన గిలాసలే సగం పాఠం చెప్తయి.

మొక్క మట్టి తింటదా?

చిన్న పిల్లలనే కాదు, పెద్దోళ్ళను అడిగినా "మొక్క భూమి నుంచి తింటది" అంటరు. చాన ఏండ్లు లోకమంత గట్లనే అనుకున్నది. బెల్జియం దిక్కు వాన్ హెల్మాంట్ అని ఒకాయన ఉండె. ఒక పెద్ద తొట్టిల 200 పౌండ్ల ఎండిన మట్టి పోసిండు. మన లెక్కల దగ్గర దగ్గర 90 కిలోలు. దాంట్ల 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, ఐదేండ్లు నీళ్ళు మాత్రమే పోసిండు. ఐదేండ్లకు చెట్టును పీకి తూకం వేస్తె 169 పౌండ్లు దాటింది. మట్టిని మళ్ళ ఎండబెట్టి తూస్తె తగ్గింది రెండు ఔన్సులే, 60 గ్రాముల లోపట. ఆయన సచ్చిపోయినంక 1648ల ఈ ముచ్చట పుస్తకంల అచ్చయింది.

మట్టి తగ్గలేదు గనుక చెట్టంత నీళ్ళ నుంచే తయారైంది అని ఆయన అనుకున్నడు. సగమే కరెక్టు. గాలి సంగతి ఆయన లెక్కల పెట్టుకోలే. తర్వాత నూరేండ్లు దాటినంక ఇంగ్లాండుల ప్రీస్ట్లీ అనే ఆయన, దీపం ఆరిపోయిన మూసిన గాజు పాత్రల పుదీన కొమ్మ పెడితే కొన్ని రోజులకు గా గాలి మళ్ళ మంచిగైతున్నదని చూసిండు. 1779ల ఇంగెన్‌హౌజ్ అనే డాక్టరు, గా పని పచ్చటి భాగాలే చేస్తయి, వెలుతురు ఉన్నప్పుడే చేస్తయి అని తేల్చి చెప్పిండు. గట్ల ముక్క ముక్క కలిస్తే మనకు గీ సంగతి తెలిసింది: ఆకు గాలిల ఉన్న కార్బన్ డయాక్సైడును, వేరు పంపిన నీళ్ళను కలిపి, ఎండ బలంతోని చక్కెర తయారు చేసుకుంటది. గదే మొక్కకు బువ్వ. మట్టి తిండి కాదు. తిండిల వేసుకునే ఉప్పు, కారం లెక్క లవణాలు ఇస్తది. తక్కువే కావాలె గని, లేకుంటే నడవదు.

దీన్ని పిల్లలకు చెప్పుటానికి తొట్టి, తక్కెడ అక్కెర లేదు. కట్టెల పొయ్యి చాలు. మోపెడు కట్టెలు కాలుస్తె ఆఖరుకు ఎంత మిగుల్తది? చాటెడు బూడిద. గా బూడిదనే చెట్టు భూమి నుంచి తీసుకున్న లవణాలు. మిగిలిందంత గాలి, నీళ్ళు కలిసి అయింది, కాలి మళ్ళ గాలిలనే కలిసింది. నత్రజని సుత భూమి నుంచే వస్తది గని అది పొగల పోతది, బూడిదల దొరకదు. మా అమ్మ ఇన్నేండ్లు పొయ్యిల బూడిద ఎత్తి బీర పాదు కింద ఎందుకు పోసిందో నాకు గప్పుడు సమజైంది.

లవణాల లెక్క గూడ ఒకసారి చెప్పుకుందాం. మొక్కకు తప్పనిసరి అని తేలిన మూలకాలు 17. అండ్ల కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ మూడు గాలి నుంచి, నీళ్ళ నుంచి వస్తయి. మిగిలిన 14 మట్టిల నుంచి. నత్రజని, భాస్వరం, పొటాష్ ఎక్కువ కావాలె. జింకు, ఇనుము, బోరాన్ అసొంటివి చిటికెడు చాలు. చిన్న పిల్లలకు ఈ పేర్లన్ని చెప్పొద్దు. గని మీకు తెలిసుండాలె.

"మరి వరి నీళ్ళల్లనే ఉంటది గదా?"

నాలుగో గిలాస చూసి మా పిల్ల అడిగిన ప్రశ్న గిది. ఊరి పిల్ల గనుకనే అడిగింది. పట్నంల పుట్టినోళ్ళకు ఈ అనుమానం రాదు. నీళ్ళల్ల మునిగితే గాలి అందక వేరు మురుగుతది అంటిరి, మరి మన మడిల వరి నెలల తరబడి నీళ్ళల్ల ఉండి ఎట్ల బతుకుతది?

జవాబు వరి కాడలనే ఉన్నది. వరి కాడను అడ్డంగ కోసి చూడుండ్రి. లోపట సన్న సన్న గొట్టాల లెక్క ఖాళీలు ఉంటయి. ఆకు పైన పీల్చిన గాలి గా ఖాళీల నుంచి కిందికి దిగి వేర్లకు అందుతది. చెరువుల తామర కాడను కోసినా గట్లనే బొక్కలు కనిపిస్తయి. పత్తికి, కందికి, మక్కకు గీ ఏర్పాటు అంతగ లేదు. గందుకే ముసురు పట్టి చెలకల నీళ్ళు నిలిస్తె పత్తి వడలిపోతది. వేరు నీళ్ళల్లనే ఉంటది గని ఊపిరాడక నీళ్ళు గుంజలేదు. అది చూసి "నీళ్ళు తక్కువైనయి" అనుకుంటె మోసపోతం. కాలువ తీసి నీళ్ళు ఎల్లగొట్టుడే మందు.

చూడుండ్రి, మూడో తరగతి పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు చెప్తే అది సక్కగ చేన్లకు పోయింది.

ఏ వయసుకు ఎంత చెప్పాలె

అంగన్‌వాడికి పోయే మూడు నుంచి ఆరేండ్ల పిల్లలకు మాటలతోని చెప్పొద్దు. చేతికి పని ఇయ్యాలె. గింజ నానబెట్టుడు, చేతితోని పొట్టు తీసుడు, చిన్న చెంబుతోని నీళ్ళు పోసుడు. రోజూ పొద్దుగాల "నిన్నటికి ఇయ్యాలకు ఏం మారింది?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ఈ వయసు పిల్లలు నీళ్ళు పోసుడు ఆపరు, రోజుకు పదిసార్లు పోస్తరు. గందుకే గిలాసకు బొక్క పెట్టుండ్రి, లేకుంటె రెండు రోజుల్ల మురుగుతది. తొందరగ మొలిసే పెసర్లు, మెంతులు, ఆవాలు వెయ్యాలె. నెల రోజులు ఎదురుచూసే ఓపిక వాళ్ళకు ఉండదు.

ఒకటి, రెండు, మూడు తరగతులోళ్ళకు పోల్చి చూసుడు నేర్పాలె. రెండు గిలాసలు, ఒక్క తేడా. బొమ్మ గీపియ్యాలె. చీపురు పుల్ల మీద రోజుకొక గీత. రాయరాని పిల్ల సుత పుల్ల చూసి లెక్క చెప్తది.

నాలుగు, ఐదుకు వచ్చేటాళ్ళకు ఐదు గిలాసల పరీక్ష మొత్తం వాళ్ళతోనే చేయించొచ్చు. స్కేలుతోని కొలుసుడు, తేదీ వేసి రాసుడు, ముందు అనుకున్నదానికి అయినదానికి తేడా చెప్పుడు. ఇంకా రెండు ఆటలున్నయి. ఒకటి, మొలిసిన గిలాసను అట్టపెట్టెల పెట్టి పక్కకు ఒక్క బొక్క పెడ్తె, మొక్క గా బొక్క దిక్కే వంగుతది. రెండు, చీకట్ల పసుపుపచ్చగైన మొక్కను ఎండిపోకముందే వెలుతురుకు తెచ్చి పెడ్తె, ఒకటి రెండు రోజుల్ల పచ్చబడుతది. గిది చూసిన పిల్ల "ఆకుకు రంగు ఎండ ఇస్తది" అని జన్మల మరువది.

సారు దగ్గర లేనిది తాత దగ్గర ఉన్నది

బడిల సార్లను తప్పువట్టుడు నా ఉద్దేశం కాదు. ఒక్క టీచరు రెండు మూడు తరగతులు పట్టుకొని, ఇన్ని రిజిస్టర్లు రాసుకుంట, పదిహేను రోజులు గిలాసలు చూసుకుంట కూసుండాలంటె అయ్యే పని కాదు. గని ఊర్ల ఎవుసం తెలిసినోళ్ళకు కొదువ లేదు. తెలుగుల "రైలుబడి" పేరుతోని వచ్చిన తొత్తోచాన్ పుస్తకం కొందరు చదివే ఉంటరు. జపానుల గా బడి హెడ్మాస్టరు, పక్క పొలం రైతును పిలుచుకొచ్చి, ఎవుసం పాఠానికి ఈయననే మీ టీచరు అని పిల్లలకు చూపెడ్తడు. గా పని మన ఊర్లల్ల చేయలేమా?

మా తాత ఇత్తనాలు కొన్నంక సంచి మొత్తం చల్లకపోయేది. నూరు గింజలు లెక్కవెట్టి, తడి గోనెసంచిల వరుసగ పేర్చి, చుట్టచుట్టి పెట్టేది. నాలుగైదు రోజులకు ఇప్పి మొలకలు లెక్కవెట్టేది. సర్కారు ఇత్తన ప్రమాణాల ప్రకారం వరికి నూటికి 80, పల్లికి, సోయాకు 70 మొలక ఉండాలె. గా అంకె తాతకు తెల్వకపోవచ్చు, గని పరీక్ష మాత్రం గదే. పిల్లలకు దీనికంటె మంచి లెక్కల పాఠం ఉంటదా? నూటికి ఎన్ని అనే శాతం లెక్క గోనెసంచిలనే వస్తది.

తండాలల్ల తీజ్ పండుగ చూడుండ్రి. పెండ్లిగాని ఆడపిల్లలు బుట్టలల్ల మట్టి, ఎరువు పోసి గోధుమలు చల్లుతరు. తొమ్మిది రోజులు పాటలు పాడుకుంట నీళ్ళు పోస్తరు. ఎవలి మొలక ఎట్ల వచ్చిందో ఒకలది ఒకలు చూస్తరు. ఆఖరు రోజు తీసుకపోయి నీళ్ళల్ల కలుపుతరు. గింజ నాటి, దినం తప్పకుండ నీళ్ళు పోసి, మొలకను బిడ్డ లెక్క చూసుకునే చదువు గా పండుగల ముందు నుంచి ఉన్నది. బడి దాన్ని పాఠంల కలుపుకుంటె పోయేది ఏం లేదు.

పల్లి చేను పీకేటప్పుడు పిల్లలకు వేరు మీది బొడిపెలు చూపెట్టుండ్రి. ఒక బొడిపెను గోటితోని చిదిమితే లోపట గులాబి, ఎర్ర రంగు కనిపిస్తే, అండ్ల సూక్ష్మజీవులు గాలిల నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నయి అన్నట్టు. గా ఎర్ర రంగు చూసి పిల్లలు "మొక్కకు రక్తం ఉన్నదా?" అని అడుగుతరు. ఆడికెల్లి మీకు గంట సేపు ముచ్చట.

పెద్దగైనంక ఏం పనికొస్తది?

"గిలాసల పెసర్లు పెట్టుడు చిన్నపిల్లల ఆట" అనుకునేటోళ్ళకు ఒక్క మాట. మనూర్లల్ల ఏటా జరిగే నష్టాలు చూడుండ్రి. తొలకరి ఒక్క జల్లు పడంగనే పత్తి పెడ్తం. 60, 70 మిల్లీమీటర్ల వాన పడి భూమి మంచిగ నానినంకనే పెట్టాలె అని శాస్త్రవేత్తలు మొత్తుకుంటరు. తడి పైపైన ఉంటే గింజ ఉబ్బి, మొలక మొదలై, కింద తడి అందక సచ్చిపోతది. మళ్ళ ప్యాకెట్లు కొనాలె, మళ్ళ కూలి పెట్టాలె. నీళ్ళు పీల్చిన ఇత్తనం నిద్రలేచినంక ఇగ ఆగలేదని గిలాసల చూసిన పిల్ల, పెద్దగై చేన్ల తొందరపడుతదా?

యూరియా ముచ్చట గూడ అంతే. 45 కిలోల బస్తల నత్రజని 46 శాతం, అంటే సుమారు 20 కిలోలు. చల్లిన వారానికి చేను నల్లగ, ఏపుగ, పొడుగ్గ లేస్తది. చూసి మురుస్తం, పక్క చేనోడు సుత చూసి ఇంకొక బస్త గుప్పుతడు. నత్రజని ఎక్కువైన మొక్క మెత్తబడుతది, పురుగు, తెగులు దాన్నే పడతయి, గాలివానకు వరి పడిపోతది. డబ్బ కింద పొడుగు పెరిగిన పెసర మొక్క సంగతి వేరు, దీని సంగతి వేరు. గని మన కండ్లు మోసపోయేది మాత్రం ఒక్క తీరుగనే. పొడుగు చూసి బలం అనుకుంటం.

ఇగ రంగు రంగుల సీసాలు. "గిది కొడితే దిగుబడి రెట్టింపు" అని వచ్చి అమ్ముతరు. ఐదు గిలాసల పరీక్ష చేసిన పిల్ల పెద్దగైతే ఏం చేస్తది? చేనంత కొట్టి, పంట మంచిగొస్తె సీసా పుణ్యం అనుకోదు. పది సాళ్ళు కొట్టకుండ వదిలిపెడ్తది. కొట్టినయి, కొట్టనియి పక్కపక్కన పెట్టి చూస్తది. తేడా లేకపోతే వచ్చే ఏడు గా సీసా కొనది. వెయ్యి రూపాయలు మిగుల్తయి. ఆ పది సాళ్ళు మొదటి గిలాసతోని పోల్చి చూసిన అలవాటే.

ఎవుసం ఇండ్లల్ల పుట్టిన మన పిల్లలు ఎవుసాన్ని ప్రశ్నలు, జవాబుల లెక్క నేర్చుకుంటున్నరు. చేను పక్కనే ఉంటది, అయినా మొక్కకు ఏం కావాలెనో పుస్తకంల చూసి బట్టీపడతరు. ఇంకా బాధ ఏందంటె, తమ కండ్లతోని చూసిందానికంటె ఎర్ర పెన్ను గీతనే నిజం అని నమ్ముతరు. ఒక్కసారి గా అలవాటు పడ్డదా, రేపు దుకాణపోడు చెప్పింది, ఫోన్ల వీడియో చెప్పింది గూడ గట్లనే నమ్ముతరు.

మా పిల్ల పదిహేనో రోజు రెండు గిలాసలు బడికి పట్టుకపోయింది. నోటుబుక్కుల జవాబు మార్చింది. సూర్యరశ్మి అని ఒక్క మాట కాదు, "ఇత్తనంల బువ్వ ఉన్నంతసేపు వెలుగు లేకున్న పెరుగుతది, అయిపోయినంక వెలుగు కావాలె" అని రాసింది. టీచరమ్మ రెండు గిలాసలు చూసి, పక్క తరగతి పిల్లలను సుత పిలిచి చూపెట్టిందట. గా తర్వాతి వారం బడి కిటికీ మీద పదకొండు గిలాసలున్నయని మా పిల్ల లెక్కవెట్టి చెప్పింది.

ఇయ్యాల రాత్రి గుప్పెడు పెసర్లు నానబెట్టుండ్రి. రేపు పొద్దుగాల ఇంట్ల చిన్నోళ్ళను పిలువుండ్రి. జవాబు ముందే చెప్పకుండ్రి.